దాచిన పియానో మోగట్లేదు, కనిపించే పియానో కూడా మోగట్లేదు. ఎక్కడ వెతకాలి?

పల్లవి_చరణం
రెండు రోజులుగా దీని ముందే కూర్చున్నాను. ఫ్లూట్, చెల్లో, పియానోలకు రాసుకున్న స్కోరు ఒకటుంది. స్వరాలు రాసుకుని వినే ప్రోగ్రామ్ మ్యూజ్‌స్కోర్ 3లో మొదలుపెట్టి 3.6 దాకా అందులోనే నడిపాను. పియానోలో ఆర్పెజియోలు (కలిసి మోగే స్వరాలను ఒకదాని వెంట ఒకటి పలికించడం), గ్రేస్ నోట్లు (అసలు స్వరానికి ముందు మెరిసే చిన్న స్వరాలు) ఎక్కువ. అవి ప్లేబ్యాక్‌లో (ప్రోగ్రామ్ స్కోరుని వాయించి వినిపించేటప్పుడు) నాకు కావలసినట్టు పలకలేదని ఇంకో పియానో చేర్చి, అందులో ప్రతి స్వరాన్నీ వాయించే పద్ధతిలో విడమరిచి రాసి, ఆ స్టాఫ్‌లను (స్వరాలు రాసే అయిదు గీతల వరసలను) దాచేశాను. కాగితం మీద శుభ్రమైన పియానో కనిపిస్తుంది, చెవికి దాచిన పియానో వినిపిస్తుంది. మూడేళ్లు ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు అదే ఫైలు మ్యూజ్‌స్కోర్ 4లో తెరిచాను. పియానో మొత్తం మౌనం. ఫ్లూట్, చెల్లో చక్కగా మోగుతున్నాయి. మిక్సర్‌లో పియానోకి మ్యూట్ లేదు, వాల్యూమ్ పూర్తిగా ఉంది, అయినా మీటర్ కదలట్లేదు. ఇంకో వింత ఏమిటంటే 31 నుంచి 33 వరకు మూడు బార్లలో మాత్రం సన్నగా ఏవో కార్డ్స్ (కలిసి మోగే స్వరాల గుంపులు) వినిపిస్తున్నాయి. నేను అక్కడ అలాంటివి రాయనే లేదు. వచ్చే వారం రిహార్సల్, వాళ్లకి ఆడియో పంపాలి. టెన్షన్‌గా ఉంది.

సెమీక్వేవర్
సౌండ్ ఫైలు పాడైపోయి ఉంటుంది. ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యండి.

పల్లవి_చరణం
రెండుసార్లు చేశాను. శబ్దం కోసం పెట్టుకున్న మ్యూజ్ సౌండ్స్ పియానో తీసి మామూలు సౌండ్‌ఫాంట్ పియానో కూడా పెట్టి చూశాను. తేడా లేదు.

తాళంచెవి
ఇన్‌స్టాలేషన్ జోలికి ఇక వెళ్లకండి. కొత్త ఖాళీ స్కోరులో పియానో పెట్టి నాలుగు స్వరాలు వేసి వినండి. అది మోగితే శబ్దం బాగానే ఉన్నట్టు, తప్పు ఈ ఫైలులోనే ఉన్నట్టు. ఆ తర్వాత మూడు సంగతులు చెప్పండి:

దాచిన పియానోని ఎలా దాచారు? ఇన్‌స్ట్రుమెంట్స్ ప్యానెల్‌లో (కొత్త వెర్షన్లలో దాని పేరు లేఅవుట్) కన్ను గుర్తు మూసేశారా, స్వరాలు ఎంచుకుని వి కీ నొక్కారా?
కనిపించే పియానోని ఎలా నోరు మూయించారు? మిక్సర్‌లోనా, ఇంకోలాగానా?
మిక్సర్‌లో ఎక్కడైనా ఎస్ (సోలో) బటన్ వెలుగుతోందా? అన్ని చానెళ్లూ చూడండి, చివరిదాకా జరిపి చూడండి.

మంద్రస్థాయి
మూడోది ముందు చూడండి. నేను ఒక పూటంతా బేస్ ఎందుకు మోగట్లేదని వెతికాను. చివరికి చూస్తే అంతకుముందు రోజు వయోలా ఒక్కటే విందామని సోలో నొక్కి మర్చిపోయాను. సోలో ఒకచోట ఉంటే మిగతా అందరికీ మ్యూట్ పడ్డట్టే. మీ మ్యూట్ బటన్లు మాత్రం శుభ్రంగా ఆరి ఉంటాయి, అందుకే అటు అనుమానం పోదు.

పల్లవి_చరణం
@తాళంచెవి కొత్త స్కోరులో పియానో మోగింది. సోలో ఎక్కడా లేదు. దాచినది 3లో ఇన్‌స్ట్రుమెంట్స్ డైలాగ్‌లో విజిబుల్ టిక్కు తీసేసి దాచాను. కనిపించే పియానో సంగతి గుర్తులేదు, మిక్సర్‌లో మ్యూట్ చేశాననే అనుకుంటున్నా.

తాళంచెవి
కనిపించే పియానోలో ఏదో ఒక స్వరం మీద క్లిక్ చేసి ఎఫ్8 నొక్కండి. ప్రాపర్టీస్‌లో పైనే ‘ప్లే’ అని ఒక టిక్కు ఉంటుంది. అది ఉందా, లేదా?

పల్లవి_చరణం
లేదు!! అన్ని స్వరాలకీ లేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పట్లో మిక్సర్ మ్యూట్ పొరపాటున ఎవరైనా తీసేస్తారేమోనని స్వరాలన్నీ ఎంచుకుని ఇన్‌స్పెక్టర్‌లో (3లో ప్రాపర్టీస్‌కి అదే పేరు) ప్లే తీసేశాను.

తాళంచెవి
దొరికింది. మీ దగ్గర రెండు వేర్వేరు మౌనాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

కనిపించే పియానో మౌనం స్వరాల్లోనే ఉంది. అది ఫైలుతోపాటు 4లోకి వచ్చింది. అందుకే మిక్సర్‌లో వాల్యూమ్ ఎంత పెంచినా మీటర్ కదలదు. మోగమని చెప్పే స్వరం ఒక్కటి కూడా లేనప్పుడు మిక్సర్‌కి చేరేదేముంది?

దాచిన పియానో మౌనం వేరు. 3లో ఇన్‌స్ట్రుమెంట్‌ని దాచడానికీ దాని మోతకీ సంబంధం లేదు, దాచినా మోగేది. 4లో అలా కాదు. కన్ను మూస్తే గొంతు కూడా మూసేస్తుంది, మామూలుగా అదే సెట్టింగ్. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరిచి, ఆడియో అండ్ మిడి పేజీలో మిక్సర్ విభాగం చూడండి. ‘మ్యూట్ హిడెన్ ఇన్‌స్ట్రుమెంట్స్’ అనే టిక్కు ఉంటుంది. అది తీసేయండి.

పల్లవి_చరణం
మోగింది! మూడేళ్ల నాటి నా పియానో నాకు తిరిగొచ్చింది. తాళంచెవి గారూ, పేరు సార్థకం చేసుకున్నారు.

మిక్సర్‌లో నేను చూస్తూ కూర్చున్నది కనిపించే పియానో చానెల్‌ని. రెండోదాని వైపు చూడనే లేదు.

అర్ధవిరామం
4లో అలా మార్చడం మంచిదే అనిపిస్తుంది నాకు. స్కోరులో లేనిది చెవికి వినిపిస్తే కొత్తగా నేర్చుకునేవాళ్లు బెదిరిపోతారు. నేను నేర్పే పిల్లల్లో సగం మంది ‘ఎక్కడో గిటార్ మోగుతోంది, ఎలా ఆపాలి’ అనే అడిగేవారు. తీరా చూస్తే టెంప్లేట్‌లో వచ్చిన ఇన్‌స్ట్రుమెంట్‌ని తీసేయకుండా దాచి ఉంటారు.

ట్రిల్_రాణి
ఒప్పుకోను. దాచడం కంటికి సంబంధించినది, మ్యూట్ చెవికి సంబంధించినది. రెండిటినీ ఒకే బటన్‌కి కట్టేస్తే ప్లేబ్యాక్ కోసమే స్టాఫ్ పెట్టుకునేవాళ్ల పని పోతుంది. టిక్కు తీసే వీలు పెట్టారు కాబట్టి సరిపోయింది. కానీ ఆ టిక్కు ప్రిఫరెన్సెస్‌లో ఉంటుంది, ఫైలులో కాదు. మీరు తీసేసి స్నేహితుడికి ఫైలు పంపితే వాళ్ల కంప్యూటర్‌లో మళ్లీ మౌనమే. పల్లవి_చరణం గారూ, మీవాళ్లకి ఫైలు కాకుండా ఆడియో పంపడమే మేలు.

తాళంచెవి
ఇది ముఖ్యమైన మాట, నేను చెప్పడం మర్చిపోయాను.

కోరస్_పంతులు
సందర్భం వచ్చింది కాబట్టి నా బాధ కూడా అడిగేస్తా. కోరస్‌కి రాసేటప్పుడు సోప్రానో, ఆల్టో ఒకే స్టాఫ్ మీద ఉంటాయి, సోప్రానో మొదటి వాయిస్, ఆల్టో రెండో వాయిస్. ఆల్టోలకి సాధన కోసం వాళ్ల వరస ఒక్కటే వినిపించాలి. 3లో మిక్సర్‌లో వాయిస్‌ని బట్టి మ్యూట్ చేసే చిన్న బటన్లు ఉండేవి, 1 నొక్కితే సోప్రానో ఆగిపోయేది. 4లో ఎంత వెతికినా కనిపించట్లేదు.

తాళంచెవి
4లో అవి లేవు. ఒక ఇన్‌స్ట్రుమెంట్‌కి ఒకటే చానెల్. అందుకే పియానోలో ఎడమచేతి స్టాఫ్ ఒక్కటే మిక్సర్‌లో మ్యూట్ చెయ్యడం కూడా కుదరదు.

దారి ఏమిటంటే సోప్రానో స్వరం ఒకటి ఎంచుకుని, కుడి క్లిక్‌తో సెలెక్ట్, మోర్ లోకి వెళ్లి ‘సేమ్ వాయిస్’, ‘సేమ్ స్టాఫ్’ రెండూ టిక్కు పెట్టండి. సోప్రానో మొత్తం ఎంపికవుతుంది. ప్రాపర్టీస్‌లో ప్లే తీసేయండి. పని అయ్యాక మళ్లీ పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే మూడేళ్ల తర్వాత మీరూ ఇలాంటి ప్రశ్నే అడుగుతారు.

కోరస్_పంతులు
నాలుగు గొంతులకీ నాలుగుసార్లు ఇలా చేసి, మళ్లీ వెనక్కి పెట్టి... ఒక్కో పాటకీ పావుగంట పోతుంది.

మంద్రస్థాయి
పంతులు గారూ, సాధన కోసం ఇంకో కాపీ చేసుకోండి. అందులో టూల్స్ మెనూలోని ఎక్స్‌ప్లోడ్‌తో రెండు వాయిస్‌లనీ వేర్వేరు స్టాఫ్‌లకి విడగొట్టండి. ఆ స్టాఫ్‌లు వేర్వేరు ఇన్‌స్ట్రుమెంట్లుగా ఉండాలి, ఒకే దాని కింద రెండు స్టాఫ్‌లు పెడితే మళ్లీ ఒకే చానెల్ అవుతుంది. ఒక్కసారి కష్టపడితే చాలు, తర్వాత ఎవరికి కావలసింది వాళ్లకి సోలో నొక్కి ఆడియో తీసుకోవచ్చు. ఇంకో చిన్న సలహా: మిగతా మూడు గొంతుల్నీ పూర్తిగా ఆపేయకండి, ఫేడర్ (వాల్యూమ్ మీట) బాగా దించండి. పక్కవాళ్లు సన్నగా వినిపిస్తుంటేనే ఆల్టోలు శ్రుతి నిలుపుకుంటారు. మా బృందంలో అలా ఇచ్చాకే పాట నిలబడింది.

వెన్నెల_స్కేల్
సిబేలియస్ అనే ఇంకో స్కోరు ప్రోగ్రామ్‌లో దీనికో సదుపాయం ఉంది. మిక్సర్‌లో మ్యూట్ బటన్ ఒకసారి నొక్కితే సగం మ్యూట్, ఇంకోసారి నొక్కితే పూర్తి మ్యూట్. తెలియనప్పుడు నేను ‘మ్యూట్ చేసినా సన్నగా వినిపిస్తోంది’ అని వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. తెలిశాక సాధన ఆడియోలన్నీ సగం మ్యూట్‌తోనే చేస్తున్నా.

సిబేలియస్‌లో ఇంకోటి కూడా గమనించాలి. ఏదైనా స్టాఫ్ ఎంపికై ఉండగా ప్లే కొడితే అది మాత్రమే మోగుతుంది. మిగతావి పోయాయని కంగారుపడే ముందు ఎస్కేప్ నొక్కి మళ్లీ వినండి.

పాత_ఫైనల్
నేను ఫైనల్ అనే స్కోరు ప్రోగ్రామ్ నుంచి వచ్చినవాణ్ని. 2024 ఆగస్టులో దాన్ని ఆపేస్తున్నామని ప్రకటించినప్పుడు ఇంట్లో మనిషి దూరమైనట్టు అనిపించింది. 1988 నుంచి ఉన్న ప్రోగ్రామ్ అది. అందులో స్కోర్ మేనేజర్ తెరిచి స్టాఫ్ పక్కన చిన్న త్రికోణం విప్పితే ఒక్కో లేయర్‌కీ (ఇక్కడి వాయిస్ లాంటిది) వేరే ఎం (మ్యూట్), ఎస్ (సోలో) ఉండేవి. కార్డ్ గుర్తులకి, ఎక్స్‌ప్రెషన్లకి కూడా. పంతులు గారి పని అక్కడ రెండు క్లిక్కులు.

ఇప్పుడు నా ఫైళ్లన్నీ మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌గా (స్కోర్లని ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి తెచ్చుకునే ఫార్మాట్) మార్చి తెచ్చుకుంటున్నా. దాచిన స్వరాలు దాచినట్టే వస్తున్నాయి, వాల్యూమ్, పాన్ (శబ్దం ఎడమకా కుడికా అన్నది) వస్తున్నాయి. నేను లేయర్‌కి పెట్టుకున్న మ్యూట్లు మాత్రం రాలేదు. రెండు వందలకి పైగా స్కోర్లు, ఒక్కోటీ తెరిచి విని చూసుకోవాల్సి వస్తోంది.

తాళంచెవి
ఆ ఫార్మాట్‌లో స్వరాన్ని ముద్రించొద్దని చెప్పే గుర్తు ఒకటి ఉంది, అందుకే దాచినవి అలాగే వస్తున్నాయి. మిక్సర్‌లో ఏ బటన్ నొక్కి ఉందో అనేది స్కోరు సంగతి కాదు, ఆ ప్రోగ్రామ్‌లో మీ సొంత అమరిక. ఫైనల్ ఇంకా మీ కంప్యూటర్‌లో నడుస్తుంటే, మార్చే ముందే ప్రతి ఫైలులో ఏది మ్యూట్ చేశారో స్కోరు మీదే టెక్స్ట్‌గా రాసి అప్పుడు ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. ఆ అక్షరాలు మాత్రం మామూలుగా వస్తాయి.

పాత_ఫైనల్
ఇది నాకు తట్టలేదు. రేపటి నుంచే మొదలుపెడతాను.

పల్లవి_చరణం
చర్చ బాగా సాగుతోంది కానీ నా రెండో సమస్య అలాగే ఉంది. 31 నుంచి 33 వరకు ఆ దెయ్యపు కార్డ్స్. ఇప్పుడు రెండు పియానోలనీ మిక్సర్‌లో మ్యూట్ చేసి విన్నా. ఫ్లూట్ మ్యూట్ చేశా. చెల్లో కూడా. అందరూ మౌనం, ఆ మూడు బార్లలో మాత్రం మోగుతున్నాయి!

సెమీక్వేవర్
ఇది మాత్రం ఇన్‌స్టాలేషన్ సమస్య కాదు, ఒప్పుకుంటున్నా. వ్యూ మెనూలో ‘షో ఇన్‌విజిబుల్’ పెట్టి ఆ బార్ల పైన ఏమైనా బూడిద రంగులో కనిపిస్తోందా చూడండి.

పల్లవి_చరణం
ఫ్లూట్ స్టాఫ్ పైన ఎ మైనర్, డి మైనర్, ఇ సెవెన్ అని బూడిద రంగులో ఉన్నాయి. ఇవి ఎప్పుడో గిటారిస్టు ఒకాయన వస్తానంటే ఆయన కోసం వేశాను. ఆయన రాలేదు, వాటిని వి నొక్కి దాచేశాను. కార్డ్ పేర్లు మోగుతాయా?

ట్రిల్_రాణి
మోగుతాయి. 3.5 నుంచీ కార్డ్ సింబల్స్‌కి సొంత శబ్దం ఉంది, మిక్సర్‌లో వాటికి వేరే చానెల్ ఉంటుంది. ఫ్లూట్‌ని మ్యూట్ చేస్తే ఫ్లూటే ఆగుతుంది, ఫ్లూట్ నెత్తిన కూర్చున్న కార్డ్ ఆగదు. వి నొక్కడం కంటికి మాత్రమే. ఇన్నాళ్లూ మీ పియానో మోత కింద ఇవి కలిసిపోయి ఉంటాయి. పియానో ఆగాక బయటపడ్డాయి.

పల్లవి_చరణం
మూడిటినీ ఎంచుకుని డిలీట్ కొట్టాను. దెయ్యం వదిలింది. సెమీక్వేవర్ గారికి ధన్యవాదాలు.

సెమీక్వేవర్
ఒక్కటైనా సరిగ్గా తగిలింది, సంతోషం :)

అర్ధవిరామం
అసలు మాటకి వస్తాను. పల్లవి_చరణం గారూ, ఆ దాచిన పియానో మీకు నిజంగా అవసరమా? 4లో ఆర్పెజియో, ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండు వేగంగా మారి మారి పలకడం), గ్రేస్ నోట్ల ప్లేబ్యాక్ 3 కంటే చాలా మెరుగ్గా ఉంది. ఒకసారి కనిపించే పియానోకి ప్లే పెట్టి, దాచినదాన్ని మ్యూట్ చేసి విని చూడండి. ఒకే సంగీతాన్ని రెండుచోట్ల రాసి పెట్టుకుంటే ఏదో ఒకరోజు రెండూ వేరవుతాయి. ఒకచోట దిద్ది రెండోచోట మర్చిపోతాం. అది కంటికి కనపడదు కూడా.

ట్రిల్_రాణి
మీరు చెప్పింది సాదా ట్రిల్‌కి సరే. మొదట నెమ్మదిగా మొదలై వేగం పుంజుకునే ట్రిల్, వాయించేవాడి ఇష్టానికి వదిలేసిన కడెంజా, బార్‌లైన్ లేకుండా పరిగెత్తే వరసలు, ఇవన్నీ ఏ ప్రోగ్రామూ తనంతట తాను పలకదు. వినేవాడికి ఆ ఊపిరి చేరాలంటే చేత్తో రాయాల్సిందే. దాచిన స్టాఫ్‌ని అడ్డదారి అనడం నాకు నచ్చదు. అది కూడా రాతే, చెవి కోసం రాసిన రాత.

అర్ధవిరామం
అడ్డదారి అనలేదండీ. రెండో కాపీని కాపాడుకోవడం కష్టం అన్నాను.

వెన్నెల_స్కేల్
డొరికో అనే స్కోరు ప్రోగ్రామ్‌లో ఈ గొడవ కొంచెం తక్కువ. ప్లేబ్యాక్ కోసం ఒక ప్లేయర్‌ని చేర్చి, ఫుల్ స్కోర్ లేఅవుట్ నుంచి ఆ ప్లేయర్ టిక్కు తీసేస్తాం. కాగితం మీద ఉండదు, మోత ఉంటుంది. కనిపించే స్వరాలకి ప్రాపర్టీస్‌లో ‘సప్రెస్ ప్లేబ్యాక్’. కానీ అర్ధవిరామం గారు అన్నది అక్కడా వర్తిస్తుంది, రెండు రాతలు రెండు రాతలే.

తాళంచెవి
మ్యూజ్‌స్కోర్‌లో కూడా దాచకుండా పని జరుపుకునే పద్ధతి ఉంది. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నా.

మెయిన్ స్కోరులో అన్నీ కనిపించేలా ఉంచండి, ప్లేబ్యాక్ పియానోతో సహా. దానికి ‘మోత పియానో’ అని పేరు పెట్టుకోండి. తర్వాత పార్ట్స్ డైలాగ్‌లో కొత్త పార్ట్ (ఎంచుకున్న ఇన్‌స్ట్రుమెంట్లే కనిపించే విడి ప్రతి) ఒకటి చేసి దానికి ‘ముద్రణ’ అని పేరు పెట్టండి. ఇన్‌స్ట్రుమెంట్స్ ప్యానెల్‌లో అందులోకి ఫ్లూట్, చెల్లో, అసలు పియానో మూడిటినే తెచ్చుకోండి. ముద్రణ పార్ట్ నుంచి పీడీఎఫ్ తీయండి, మెయిన్ స్కోరు నుంచి ఆడియో తీయండి. ఏదీ దాచలేదు కాబట్టి ప్రిఫరెన్సెస్ టిక్కు ఎలా ఉన్నా, ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా ఒకేలా మోగుతుంది. రెండు పియానోలూ ఒకదాని కింద ఒకటి ఎప్పుడూ కళ్లముందే ఉంటాయి, తేడా వస్తే ఇట్టే కనపడుతుంది.

ఒక్క జాగ్రత్త: 4లో పార్ట్ ట్యాబ్‌లో ఉండి ప్లే కొడితే ఆ పార్ట్‌లో ఉన్నవే మోగుతాయి. ఒక్కో పార్ట్‌కీ మ్యూట్, సోలో విడిగా గుర్తుంటాయి. కాబట్టి ముద్రణ ట్యాబ్‌లో పియానో మోగకపోతే కంగారుపడకండి, మెయిన్ స్కోరు ట్యాబ్‌లోకి వచ్చి వినండి. ఆడియో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కూడా ఏది తీస్తున్నారో ఒకసారి చూసుకోండి.

కోరస్_పంతులు
‘ట్యాబ్ మార్చితే మ్యూట్లన్నీ మారిపోతున్నాయి’ అని మొన్న మా అబ్బాయి అంటే కాదని వాదించాను. వాడు చెప్పిందే నిజమన్నమాట.

మంద్రస్థాయి
నాకు ఇంకో అనుభవం. ప్లేబ్యాక్ స్టాఫ్‌ని వేరే ఇన్‌స్ట్రుమెంట్‌గా కాకుండా అదే పియానోకి మూడో స్టాఫ్‌గా చేర్చి, ఆ ఒక్క స్టాఫ్ కన్ను మూశాను. ఇన్‌స్ట్రుమెంట్ కనిపిస్తూనే ఉంది కాబట్టి దానికి మ్యూట్ పడలేదు. కానీ పై స్టాఫ్‌లకి వేసిన డైనమిక్స్, అంటే గట్టిగా (ఫోర్టే), మెల్లగా (పియానో) అని చెప్పే గుర్తులు దీనికీ వర్తించాయి, అప్పటికే ఇందులో కూడా వేసినవి వాటితో తగాదా పడ్డాయి. ఈ దారి పట్టేవాళ్లు డైనమిక్స్ ఒక్కచోటే వెయ్యండి. దాచినా డైనమిక్స్ పనిచేస్తాయి, టెంపో గుర్తులూ అంతే.

పల్లవి_చరణం
తాళంచెవి గారు చెప్పినట్టే చేశాను. దాచిన పియానో కన్ను తెరిచి, అసలు పియానో కింద పెట్టి, ముద్రణ పార్ట్ విడిగా చేశాను. ప్రిఫరెన్సెస్‌లో టిక్కు మళ్లీ యథాస్థానంలో పెట్టేశాను, అయినా అంతా మోగుతోంది.

రెండు పియానోలనీ ఒకదాని కింద ఒకటి పెట్టుకుని మొదటి బార్ నుంచి చదువుకుంటూ వచ్చాను. 22వ బార్‌లో ఆగిపోయాను. ఎడమచేతిలో నేను బి ఫ్లాట్‌గా దిద్దుకున్న స్వరం దాచిన దాంట్లో ఇంకా బి నేచురల్‌గానే ఉంది. 47లో కూడా ఒకటి. ఎప్పుడు దిద్దానో గుర్తులేదు, పైన మాత్రమే దిద్దాను. అంటే ఇన్నాళ్లూ కాగితం ఒకటి చెబుతోంది, నేను ఇంకోటి వింటున్నాను. చెల్లో ఆవిడ పోయినసారి 22 దగ్గర ‘మీరు పంపిన ఆడియోలో వేరేగా ఉంది’ అంటే, హెడ్‌ఫోన్స్‌లో సరిగా వినిపించలేదేమో అన్నాను. ఆవిడకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాలి. అర్ధవిరామం గారూ, మీరన్నది నిజమైంది.

ట్రిల్_రాణి
నావి కూడా ఇప్పుడే తెరుస్తున్నా. దాచిన స్టాఫ్‌లు పదకొండు ఉన్నాయి.

అర్ధవిరామం
దిద్దిన తర్వాత పాత ఆడియోని వాళ్ల దగ్గర తీసేయమని కూడా చెప్పండి. రిహార్సల్‌కి ముందు రోజు ఎవరో ఒకరు పాతదే వింటారు.

పల్లవి_చరణం
చెప్పాను. ఆవిడ నవ్వి, ‘నేను అప్పటి నుంచీ బి ఫ్లాటే వాయిస్తున్నాను’ అంది.